వీరజవాను స్మరణము – శరణుల కర్తవ్యము

శ్రీ గురు బసవలింగాయ నమః



చనిపోయినవారిని తలచుకొనుట ప్రతి మతమునందును కలదు. ఎట్లు తలచుకొనవలెను, తలచుకొన్న పిదప ఏమి చేయవలెను అనునది మాత్రము ఆయా ధర్మముల ఆచారమునుబట్టి యుండును. దేశరక్షణలో ఒక చిన్నవయస్సు జవాను నేలకొరిగినపుడు మనమును అందరివలెనే సభ చేయుదుము. పటమునకు పూలమాల వేయుదుము. రెండు నిమిషములు మౌనముగా నిలుచుందుము. ఇవి మంచి పనులే. కాని బసవేశ్వరుని పేరు చెప్పుకొని బ్రతుకు మనకు అంతమాత్రమున ఋణము తీరునా? ఈ ప్రశ్నను రామగుండము, గోదావరిఖని ప్రాంతపు శరణ కుటుంబముల ముందును, మన మఠముల ముందును ఉంచుటకే ఈ నాలుగు మాటలు.

కల్లితండా బిడ్డ

2025వ సంవత్సరము ఏప్రిల్ 22వ తేదీన కాశ్మీరమునందలి పహల్గాములో ఉగ్రవాదులు 26 మంది నిరాయుధులను కాల్చి చంపిరి. దేశమంతయు దుఃఖములో నున్న ఆ దినములలోనే, ఏప్రిల్ 30వ తేదీన వైశాఖ శుద్ధ తదియ వచ్చినది. ఆనాడు మనము బసవ జయంతి జరుపుకొంటిమి. మే 7వ తేదీన మన సైన్యము 'ఆపరేషన్ సిందూర్' అను పేరున సరిహద్దు కావలనున్న ఉగ్రవాద స్థావరములపై దాడి చేసెను. దానివెంట నియంత్రణ రేఖ పొడవునను ఫిరంగులు మ్రోగినవి. ఆ కాల్పులలో మే 9వ తేదీన మురళీ నాయక్ అను తెలుగు జవాను జమ్మూ కాశ్మీరమున ప్రాణములు విడిచెను. బసవ జయంతి జరిగి అప్పటికి తొమ్మిది దినములే అయినది.

శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలములో కల్లితండా అను చిన్న పల్లె కలదు. అది బంజారాల తండా. మురళి ఆ తండా బిడ్డ. కూలిపని చేసి సంసారము నడుపుకొన్న తల్లిదండ్రులకు అతడు ఒక్కగానొక్క కుమారుడు. 25 ఏండ్లు నిండని వయస్సు. అతడు 'అగ్నివీర్'గా సైన్యమున చేరెను. 2022లో ప్రవేశపెట్టబడిన ఈ పద్ధతిలో యువకులను నాలుగేండ్ల కాలమునకు తీసికొందురు. గడువు ముగిసిన పిదప వారిలో నాలుగవ వంతునకు మించకుండ మాత్రమే స్థిరమైన కొలువులో నిలుపుకొందురు. మురళికి ఆ నాలుగేండ్లును పూర్తి కాలేదు.

మే 10వ తేదీ సాయంకాలము కాల్పులు ఆపుటకు ఇరుపక్షములవారును అంగీకరించిరి. మే 11వ తేదీన కల్లితండాలో సైనిక లాంఛనములతో అతనికి అంత్యక్రియలు జరిగినవి. ఉప ముఖ్యమంత్రియు, మంత్రులును, వేలాది జనులును ఆ చిన్న తండాకు వచ్చిరి. రాష్ట్ర ప్రభుత్వము 50 లక్షల రూపాయలను, అయిదు ఎకరముల భూమిని, ఇంటి స్థలమును ప్రకటించెను. ఇవన్నియు జరుగవలసినవే. కాని ఆ తల్లి లెక్క వేరుగా నుండును గదా! ఇంకొక్క దినము గడచియుండిన తన బిడ్డ బ్రతికియుండును. ఈ లెక్కను ఏ ప్రభుత్వమును, ఏ మఠమును సరిచేయజాలదు. ఇది మొదటనే ఒప్పుకొని తక్కిన మాటలు చెప్పుకొందము.

మావాడు అను మాట

ఇచ్చట కొందరికి ఒక సందేహము కలుగవచ్చును. 'ఇది వీరశైవ పత్రిక గదా. ఆ జవాను లింగధారి కాడు. మన జిల్లావాడును కాడు. అతని స్మరణము మన పుటలలో ఏల?' అని. ఈ ప్రశ్నలో దురుద్దేశము లేదు. తెలంగాణములో మన సంఖ్య స్వల్పము. సంఖ్య తక్కువగా నున్న సంఘములకు ఒక ఆకలి యుండును. 'ఇతడు మావాడు' అని పదిమందిలో చెప్పుకొనుటకు ఒక వీరుడు కావలెను. నాలుగు వీథుల కూడలిలో ఒక విగ్రహము కావలెను. పాఠ్యపుస్తకములో ఒక పేరు కావలెను. తండాలకును ఈ ఆకలి కలదు. మన జంగమ వాడలకును కలదు. అది సహజము. దానిని ఎగతాళి చేయరాదు.

అయినను బసవేశ్వరుడు మనకు నేర్పిన మార్గము వేరు. ఆయన కల్యాణమునందు అనుభవ మంటపమును నెలకొల్పినపుడు అచ్చటికి వచ్చినవారి వంశము నడుగలేదు. వారు చేయు పని యేది, వారి నడత యెట్టిది అని మాత్రమే చూచెను. చాకలియైన మడివాళ మాచయ్యయు, పడవ నడుపు అంబిగర చౌడయ్యయు, త్రాళ్లు పేను నులియ చందయ్యయు, తోలుపని చేయు హరళయ్యయు ఆ మంటపమునందు ఒకే వరుసలో కూర్చుండిరి. అల్లమ ప్రభువు అధ్యక్షుడై యుండగా వారందరును సమానముగా మాటాడిరి. అట్టి గురుని శిష్యులమైన మనము, ప్రాణమిచ్చిన యువకుని యెదుట నిలిచి, 'ఇతని కులమేది? లింగమున్నదా?' అని అడిగితిమేని ఆ మంటపము గడప దాటి వెలుపలికి వచ్చినవారమగుదుము.

మన తెలుగునాటనే పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున మాదర చెన్నయ్య కథను చెప్పియున్నాడు. చెన్నయ్య కరికాల చోళుని కొలువులో గడ్డి మోయు పనివాడు. ఎవరికిని తెలియకుండ తన గుడిసెలో శివుని కొలుచుచు, ఉన్న అంబలినే నివేదించువాడు. ఒకనాడు శివుడు ఆ అంబలి త్రాగి తృప్తుడై, రాజు పంపిన పంచభక్ష్యములను ముట్టలేదు. కారణమెరిగిన రాజు స్వయముగా నడిచిపోయి చెన్నయ్య పాదములపై పడెను. ఈ కథను మనము చిన్ననాటినుండి వినుచున్నాము. వినినపుడు కన్నులు చెమర్చును. అయితే కథలోని గుడిసె యెదుట కన్నీరు పెట్టి, నేటి తండా గుడిసె యెదుట ఊరకున్నచో ఆ వినికిడి వలన ఫలమేమి?

ఇంతకును ఈ పాఠమును గోదావరిఖనివారు పుస్తకము తెరచి నేర్చుకొనవలసిన పని లేదు. బొగ్గుబాయి మనకు దీనిని ఎప్పుడో నేర్పినది. ఇచ్చటి కాలనీలలో నివసించువారు పలు జిల్లాలనుండి, పలు కులములనుండి వచ్చి చేరినవారు. షిఫ్టు సైరను మ్రోగినపుడు అందరును ఒకే తలదీపము పెట్టుకొని ఒకే వాలున దిగుదురు. లోపల ప్రక్కవాని కంటిమీదను, చెవిమీదను తన ప్రాణము ఆధారపడి యున్నదని ప్రతివాడును ఎరుగును. 2003వ సంవత్సరము జూన్ 16వ తేదీన గోదావరిఖని 7వ నంబరు ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చుకొని వచ్చి 17 మంది కార్మికులు మరణించిరి. ఆ నీరు ఎవరి కులమును అడుగలేదు. ఆనాడు గని ముఖద్వారమున నిలిచి విలపించిన తల్లులలో ఎవరు ఏ దైవమును మ్రొక్కుకొనిరో ఎవరును విచారింపలేదు. దుఃఖములో మనము బసవన్న చెప్పినట్లే నడచితిమి. దుఃఖము తగ్గినపుడు మరల గోడలు కట్టుకొనుచున్నాము. ఇదియే మన లోపము.

దయకును ఖడ్గమునకును పొత్తు కుదురునా?

ఇంకొక ప్రశ్న దీనికంటె కఠినమైనది. బసవ ధర్మమునకు దయయే మూలము. ప్రాణిహింసను శరణులు నిరసించిరి. అట్టి ధర్మమును ఆచరించువారు ఆయుధము పట్టిన సైనికుని ఏ విధముగా గౌరవింపవలెను? చదువుకొన్న యువకులు ఈ ప్రశ్న అడిగినపుడు కసురుకొని పంపుట సరికాదు. దానికి మన ఆచారములోనే సమాధానము కలదు.

వీరశైవునకు పంచాచారములు విధింపబడినవి: లింగాచారము, సదాచారము, శివాచారము, గణాచారము, భృత్యాచారము. వీనిలో గణాచారమనగా శివగణములకు, సద్ధర్మమునకు కీడు వచ్చినపుడు ఊరకుండక ఎదురు నిలుచుట. ఆపదలో నున్నవారిని విడిచి తన ప్రాణము దాచుకొనువాడు గణాచారము తప్పినవాడు. కల్యాణమున విప్లవము చెలరేగి శరణులు చెదరిపోయినపుడు, వచనముల తాళపత్రములను, వానిని మోయుచున్న శరణులను కాపాడుచు మడివాళ మాచయ్య సైనికుల నెదిర్చి నిలిచెనని మన సంప్రదాయము చెప్పుచున్నది. బట్టలుతుకు చేయి అవసరమైనపుడు ఖడ్గము పట్టినది. అవసరము తీరగానే దానిని విడిచినది.

కాని శరణులు గణాచారముతో ఆగలేదు. దాని వెంటనే భృత్యాచారమును నిలిపిరి. భృత్యుడనగా సేవకుడు. 'నేను అందరికంటె చిన్నవాడను, అందరి సేవకుడను' అను భావమే భృత్యాచారము. మొదటిదానికి రెండవది కాపలా. గణాచారము ఒక్కటియే మిగిలినచో అది క్రమముగా గర్వమగును, పగయగును. భృత్యాచారము తోడైనపుడు అది రక్షణగా నిలుచును. సైనికుని వృత్తిలో ఈ రెండును కలిసి యున్నవి. అతడు ఎదిరించువాడును, సేవకుడును. తన యిష్టమున యుద్ధము మొదలుపెట్టడు. తన యిష్టమున ముగింపడు. ఆజ్ఞ వచ్చినచోట నిలుచును. తాను ఎన్నడును చూడని గ్రామములవారు నిదురపోవుటకు తాను మేలుకొని యుండును. ఆ మెలకువ కాయకము. కాయకమును సత్యశుద్ధముగా చేయువాడు చేయుచోటనే కైలాసమును కనుగొనునని శరణుల తీర్మానము. గడ్డి మోసిన చెన్నయ్యకును, బొగ్గు తవ్వు కార్మికునకును, మంచులో కాపలా కాయు జవానునకును ఈ తీర్పు ఒక్కటియే.

కావున జవానును గౌరవించుట హింసను గౌరవించుట కాదు. అట్లే జవానును స్మరించు నెపముతో పగను పెంచుటయు స్మరణము కాదు. కొన్ని సభలలో చనిపోయినవాని పేరు రెండు మార్లు వినబడును. శత్రువుపై తిట్లు ఇరువది మార్లు వినబడును. మన ఊరిలో మనతో కలసి బాయిలో దిగిన అన్యమతస్థుని వంక అనుమానపు చూపులు చూచువారును కలరు. ఇది గణాచారము కాదు; దాని వికారము. మురళి తన ప్రాణము నిచ్చినది ఈ దేశములోని అందరికొరకు. అతని పేరు చెప్పి ఆ అందరిలో కొందరిని వేరుచేయుట అతని త్యాగమును తగ్గించుటయే యగును.

తల్లి యెదుట చెప్పరాని మాట

ఇక మరణమును గూర్చి మన ధర్మమున కొక ప్రత్యేక దృష్టి కలదు. శరణుడు చావును అమంగళమని తలపడు. అది లింగైక్యము. దానిని పండుగవలె ఎదుర్కొనవలెనని శరణులు ఉద్బోధించిరి. మనము దేహమును కూర్చుండబెట్టి, విభూతి ధరింపజేసి, బిల్వపత్రములతో పూజించి, చేతిలో ఇష్టలింగముతో భూమిలో సమాధి చేయుదుము. మట్టి మనకు భయస్థానము కాదు. ఈ దృష్టి గొప్పది. కాని గొప్ప మాటను తగనిచోట వాడినపుడు అది క్రూరమగును.

మరణము పండుగ అను మాటను శరణుడు తన చావును గూర్చి చెప్పుకొనెను. పరుల బిడ్డ చావును గూర్చి చెప్పలేదు. ఈ భేదమును మన ఉపన్యాసకులు, మన మఠముల పెద్దలు జాగ్రత్తగా గుర్తింపవలెను. కుమారుని పోగొట్టుకొన్న తల్లి యెదుట నిలిచి, 'అమ్మా, ఏడువరాదు, నీ బిడ్డ శివైక్యము పొందెను, నీవు గర్వింపవలెను' అని చెప్పుట సులభము. చెప్పినవాడు మరుక్షణము ఇంటికి పోయి తన కుమారునితో కలసి భోజనము చేయును. ఆ తల్లి ఖాళీ పళ్లెము ముందు కూర్చుండును. తన నష్టమును పండుగయని చెప్పగలవాడు శరణుడు. ఇతరుల నష్టమును పండుగయని చెప్పువాడు వట్టి మాటకారి.

ఇచ్చట కొందరు సిరియాళుని కథను ఉదాహరింతురు. చిరుతొండనంబియు, తిరువెంగనాంచియు శివుని కొరకు కన్నకొడుకునే సమర్పించిరి గదా, వీరమాతలు అట్లుండవలెను అని అందురు. ఆ కథను తుదివరకు చదివినవారు ఇట్లు చెప్పరు. కథాంతమున శివుడే తల్లిదండ్రులతో 'బిడ్డను పిలువుడు' అనెను. వారు పిలిచిరి. సిరియాళుడు పరుగెత్తుకొని వచ్చెను. శివునకు కావలసినది బిడ్డ ప్రాణము కాదు. తల్లిదండ్రుల చేత బిడ్డను మరల పెట్టిన పిదపనే ఆయన ఆ కథను ముగించెను. కల్లితండాలో తల్లి పిలిచిన ఎవరును పరుగెత్తుకొని రారు. కావున ఆ కథతో ఈ తల్లిని పోల్చి ఆమెపై మరొక భారము మోపరాదు.

పోల్చవలెననిన బసవపురాణములోని బెజ్జమహాదేవి కథ కలదు. ఆమె యొకనాడు శివుని తలచుకొని, 'అందరికిని తల్లి కలదు, ఈ శివునకు తల్లి లేదే! తల్లి యున్నచో ఇతడు విషము త్రాగనిచ్చునా, పాములను మెడలో వేసికొననిచ్చునా' అని బెంగపడి తానే తల్లియై లాలించినది. శివుడు ఆమెను పరిహసింపలేదు. 'నేను సర్వేశ్వరుడను, నాకేల తల్లి' అనలేదు. ఆమెకు బిడ్డయై ఒదిగిపోయెను. తల్లి బెంగను దేవుడే గౌరవించిన సంప్రదాయము మనది. అట్టి మనము తల్లి కన్నీటిని బలహీనత యనరాదు. ఆమె ఏడ్చినంతసేపు ప్రక్కన కూర్చుండుటయే మొదటి స్మరణము. ఏమియు చెప్పకున్నను లోపము లేదు.

మన యింటి ముంగిటి ప్రశ్న

ఇది దూరపు జిల్లా కథ యని ఊరకుండుటకు వీలులేదు. సింగరేణిలో ఒకప్పుడు లక్షకు పైగా కార్మికులు పనిచేసిరి. యంత్రములు వచ్చినవి, ఓపెన్‌కాస్టు గనులు పెరిగినవి, నేడు కార్మికుల సంఖ్య ఆనాటి దానిలో సగమునకు తక్కువ. తండ్రి బాయిలో పనిచేసెను గనుక కుమారునకును బాయిలోనే చోటు దొరకునను నమ్మకము అందరికిని లేదు. వేకువజామున మైదానములలో పరుగెత్తుచు సైన్యపు ఎంపికకు సిద్ధమగు కుర్రవాండ్రను మీరు చూచుచున్నారు. వారిలో మన పిల్లలును కలరు. రేపు ఒక కుమారుడు వచ్చి 'నాన్నా, నేను సైన్యమున చేరుదును' అనిన తల్లిదండ్రులు ఏమి చెప్పవలెను?

పరుల పిల్లలు సరిహద్దున నిలువవలెను, మన పిల్లలు మాత్రము ఇంటిపట్టున నుండవలెను అని తలచువాడు జవాను పటమునకు మాల వేయుటకు అర్హుడు కాడు. అట్లని కుమారుని మనస్సు తెలిసికొనక, ఊరిలో పేరు వచ్చునని త్రోయుటయు ధర్మము కాదు. కాయకమును ఎవరికి వారు ఎన్నుకొనవలెను. ఎన్నుకొనుటకు ముందు దాని కష్టమును, షరతులను, కాలపరిమితిని ఎరుగవలెను. నాలుగేండ్ల పిదప ఏమి చేయవలెనో ఇంటిలో కూర్చుండి మాటాడుకొనవలెను. అన్నియు తెలిసి బయలుదేరిన బిడ్డకు తల్లిదండ్రులు విభూతి పెట్టి పంపవలెను. అట్లు పంపిన తల్లిదండ్రులకు సంఘమంతయు అండగా నిలువవలెను.

స్మరణము దాసోహము కావలెను

బసవ ధర్మమున కాయకము వెంట దాసోహము కలదు. పొందినవాడు తిరిగి ఈయవలెను. జవాను తన కాయకమును ముగించి పోయెను. మిగిలిన దాసోహము మనది. దానము వేరు, దాసోహము వేరు. దానము చేయువాడు పైన నిలుచును. దాసోహము చేయువాడు క్రింద నిలుచును. ఒకనాడు ఇచ్చి ఫోటో తీయించుకొనునది దాసోహము కాదు. ఆయ్దక్కి లక్కమ్మ కథ మీరెరుగుదురు. భర్త మారయ్య అవసరమునకు మించి బియ్యము ఏరుకొని తెచ్చినపుడు ఆమె ఆ ఎక్కువను తిరిగి అచ్చటనే చల్లి రమ్మని పంపినది. నేడు మనము అమరజవానుల విషయమున ఎక్కువగా తెచ్చునది బియ్యము కాదు, మాటలు. అవసరమునకు మించిన మాటలను తిరిగి ఇచ్చివేసి, తక్కువైన చేతలను కూర్చుకొనవలెను.

చేయదగినవి పెద్ద పనులు కావు. మొదటి సంవత్సరమున అందరును వత్తురు. మూడవ సంవత్సరమున ఎవరును రారు. మన సంఘములు ఆ మూడవ సంవత్సరమున పోవలెను. మన ప్రాంతమున సైన్యమున పనిచేయుచున్నవారి ఇండ్లు, పనిచేసి వచ్చినవారి ఇండ్లు, సైన్యమునందు గాని బాయిలో గాని బిడ్డలను కోల్పోయినవారి ఇండ్లు ఎన్ని కలవో ప్రతి వాడలోను తెలిసికొనవలెను. కులము వ్రాయకుండ ఆ పట్టిక తయారు చేయవలెను. వృద్ధులైన తల్లిదండ్రులకు పింఛను కాగితములు, బ్యాంకు పనులు, ఆసుపత్రి పనులు భారమగును. చదువుకొన్న మన యువకుడు నెలకొక పూట వారి వెంట నడచినచో అది వేయి ఉపన్యాసములకు మించిన పూజ. మఠములు పిల్లల వసతికి, చదువునకు చేయు సాయములో ఇట్టి ఇండ్ల పిల్లలకు చోటు కల్పింపవలెను. లింగధారులా కారా అని అడుగరాదు. ప్రభుత్వము ప్రకటించిన సాయము చేతికందినదా లేదా అని విచారించి, అందనిచో వారి పక్షమున నిలిచి అడుగుటయు గణాచారమే.

ఇంకొకటి మనవి చేయుచున్నాను. 2020వ సంవత్సరము జూన్ 15వ తేదీన గల్వాన్ లోయలో 20 మంది భారత సైనికులు ప్రాణములు కోల్పోయిరి. వారిలో మన సూర్యాపేట వాస్తవ్యుడు, బిహార్ రెజిమెంటు 16వ బెటాలియను అధిపతి కర్నల్ సంతోష్ బాబు ఒకరు. మరణానంతరము ఆయనకు మహావీర చక్రము ప్రదానము చేయబడెను. మన ఏడవ నంబరు గని ప్రమాదము జరిగినది జూన్ 16వ తేదీన. సరిహద్దున పోయినవారి దినమును, బాయిలో పోయినవారి దినమును ప్రక్కప్రక్కనే వచ్చుచున్నవి. గోదావరిఖని శరణ కుటుంబములు ఈ రెండు దినములను ఒక్కటిగా పాటించుట మేలు. ఆ రాత్రి ఇష్టలింగ పూజలో ఒక దీపము వారి పేర వెలిగించి, తల్లిదండ్రులు తమ పిల్లలకు ఆ కథలు చెప్పవలెను. చెప్పునపుడు కల్లితండా పేరును చెప్పవలెను. దేశపటములో ఎవరును వెదకని ఊరి పేరు మన పిల్లల నాలుకపై నిలిచినచో అది ఆ తండాకు మనము కట్టిన గుడి.

మాదర చెన్నయ్య గుడిసెలో అంబలి త్రాగిన శివుడు కల్లితండా గుడిసెను మరచునని మనము తలపరాదు. ఆయన మరువడు. మరచువారము మనమే. మన మరపును మనము జయించుటకే ఈ స్మరణము.

ఆ యువకుని ఆత్మ శివసాయుజ్యము పొందుగాక. ఆ తల్లిదండ్రులకు దుఃఖమును సహించు బలము కలుగుగాక. సరిహద్దులయందు మేలుకొనియున్న బిడ్డలందరును, బాయిలలోనికి దిగిన బిడ్డలందరును క్షేమముగా ఇండ్లు చేరుదురు గాక. యుద్ధములు లేని దినము ఈ భూమికి వచ్చుగాక.

శరణు శరణార్థి.